సఫారీకి ఆరు లక్షలు: డిపాజిట్ తీయాలా, ఆగాలా?

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "నా వయసు 52, మా వారికి 54. ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకు 1,55,000 వస్తాయి. ఇంటి ఖర్చు 70,000, ఇంటి రుణం వాయిదా 28,000 (ఇంకా రెండేళ్లు ఉంది), మ్యూచువల్ ఫండ్ సిప్ 15,000. అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడు, ఫీజు ఏడాదికి 1,60,000. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ 9 లక్షలుంది. ఇంకో ఎనిమిది నెలలకు, ఆగస్టులో, మా పెళ్లయి పాతికేళ్లు. కెన్యా సఫారీకి వెళ్లాలని మా వారి చిరకాల కోరిక. ఏజెంటు ఇద్దరికీ 5,40,000 అంటున్నాడు. డబ్బు చాలకపోతే నాలుగు లక్షల పర్సనల్ లోన్ కూడా ఇప్పిస్తాడట. మా ఆడపడుచు వాళ్లు వెళ్లొచ్చి, జన్మలో అలాంటిది చూడలేదన్నారు. నా స్నేహితురాలు మాత్రం దుమ్ము, నడుంనొప్పి, ముందు వరుసలో ఇరవై జీపులు తప్ప ఏమీ చూడలేదని బాధపడింది. ఎవరి మాట నమ్మాలి? డబ్బు ఎక్కడి నుంచి తీయాలి?"

ఇద్దరి మాటా నమ్మండి. వాళ్లిద్దరూ వెళ్లింది ఒకే అడవికి అయినా కొన్నది ఒకే ప్రయాణం కాదు. తేడా ఎక్కడుందో మీరు పంపిన ఏజెంటు కాగితంలోనే కనిపిస్తోంది. అందుకే ముందు దాని సంగతి, ఆ తర్వాత బ్యాంకు సంగతి.

ఆ కాగితంలో ఆరు రాత్రులున్నాయి. నైరోబీలో ఒకటి, అంబోసెలీలో ఒకటి, నకురు సరస్సు దగ్గర ఒకటి, మసాయి మారాలో రెండు, తిరిగి నైరోబీలో ఒకటి. చూడటానికి మూడు పార్కులు వచ్చాయి కదా అనిపిస్తుంది. మ్యాపు తెరిచి గంటలు లెక్కపెట్టండి. నైరోబీ నుంచి అంబోసెలీకి నాలుగైదు గంటలు. అక్కడి నుంచి నకురుకు ఆరేడు. నకురు నుంచి మారాకు అయిదారు. మారా నుంచి నైరోబీకి మళ్లీ అంత. అంటే రోజు మార్చి రోజు కాదు, దాదాపు ప్రతిరోజూ సగం పగలు రోడ్డు మీదే. పైగా బండి ఏడుగురు పంచుకునే వ్యాను. మీ స్నేహితురాలి నడుంనొప్పి అక్కడే పుట్టింది. అడవిని తప్పుపట్టి లాభం లేదు.

నేనూ నా భార్యా మొదటిసారి వెళ్లినప్పుడు ఇలాంటి ప్యాకేజీయే తీసుకున్నాం. వ్యానులో మాకు దొరికింది మధ్య వరుస. నాలుగో రోజు సాయంత్రం ఒక చీతా పుట్ట మీద కూర్చుని గడ్డి మైదానాన్ని పరికిస్తోంది. వేటకు సిద్ధమవుతోందని డ్రైవరు గుసగుసగా చెప్పాడు. వెనక కూర్చున్నవాళ్లకు హోటలుకు ఆలస్యమవుతోందని తొందర. అయిదు నిమిషాల్లో బండి కదిలింది. నాకు ఆ బాధ ఏళ్ల తరబడి ఉండిపోయింది. రెండోసారి ఫిబ్రవరిలో ఒక్క మారాకే వెళ్లాం, నాలుగు రాత్రులు, మా ఇద్దరికే ఒక ల్యాండ్ క్రూజర్. తెల్లవారుజామున చలికి దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఒక ఆడసింహం రెండు పిల్లలతో బండి పక్కనుంచే నడిచింది. టైరు నీడలో క్షణం ఆగి, ఒక పిల్లను నోటితో వెనక్కి నెట్టి మళ్లీ కదిలింది. దాని ఊపిరి నాకు వినబడింది. దాదాపు గంటన్నర అక్కడే ఉన్నాం, ఎవరూ తొందరపెట్టలేదు. సఫారీలో మనం డబ్బు పెట్టి కొనేది ఆ గంటన్నరనే. జంతువుల జాబితాను కాదు.

ఇప్పుడు ఆగస్టు మాట. జులై నుంచి అక్టోబరు దాకా పక్కనే ఉన్న టాంజానియాలోని సెరెంగెటీ నుంచి విల్డబీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు మారాకు వస్తాయి. మారా నదిని అవి దాటే దృశ్యం కోసం ప్రపంచమంతా అప్పుడే వస్తుంది. అయితే ఆ దాటడానికి వేళాపాళా ఉండదు. వేలకొద్దీ జంతువులు ఒడ్డున గంటలపాటు నిలబడి, ఒక్కసారిగా వెనక్కి మళ్లిపోవచ్చు. ఒడ్డు పొడవునా జీపులు బారులు తీరతాయి. మారాలో రెండు రాత్రులే ఉండేవాళ్లకు అది అదృష్టం మీద ఆధారపడిన పందెం. ఆ పందెం గెలిచినవాళ్లు మీ ఆడపడుచులా మాట్లాడతారు.

ఆ పందానికి రేటు కూడా ఎక్కువే. మసాయి మారా ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు 2024 నుంచి జనవరి–జూన్ నెలల్లో రోజుకు 100 డాలర్లు, జులై–డిసెంబరు నెలల్లో 200. టికెట్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది. మీరిద్దరూ నాలుగు రోజులు మారాలో ఉంటే, ఆగస్టుకు బదులు ఫిబ్రవరిలో వెళ్లినందుకు ఈ ఒక్క పద్దులోనే 800 డాలర్లు మిగులుతాయి. డాలరు 90 రూపాయలనుకుంటే 72,000. క్యాంపుల అద్దెలు కూడా ఆగస్టులో కంటే తక్కువగా ఉంటాయి. ఫిబ్రవరిలో నది దాటే మందలుండవు, నిజమే. సింహాలు, ఏనుగులు, చీతాలు, జిరాఫీలు మాత్రం ఏడాది పొడవునా మారాలోనే ఉంటాయి. భారీ వానలు మార్చి చివర మొదలై మే దాకా పడతాయి కాబట్టి ఫిబ్రవరి దాటనివ్వకండి.

కాబట్టి నా సలహా: పాతికేళ్ల పండుగను ఆగస్టులో ఇంట్లో పిల్లాడితో, బంధువులతో చేసుకోండి. సఫారీకి ఆ తర్వాత వచ్చే ఫిబ్రవరిలో వెళ్లండి. ఒక్క మారా, నాలుగు రాత్రులు, సొంత బండి, నైరోబీలో వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి. గేటుకు దగ్గరలో మధ్యతరగతి క్యాంపు చాలు. విమానం, ఈటీఏ (వీసా బదులు ఇప్పుడు కెన్యా ఇస్తున్న ప్రయాణ అనుమతి), బీమా, టిప్పులు అన్నీ కలుపుకుని నా లెక్కలో 5,50,000 లోపు అవుతుంది. ఏజెంటు చెప్పిన 5,40,000లో టిప్పులు, బీమా, టీకాలు, హైదరాబాద్–ముంబయి విమానం లేవు. అవి కలిపితే అదే ఆరు లక్షలు దాటుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి అంటే, మీ 9 లక్షల డిపాజిట్ మొత్తం మీ చేతిలో డబ్బు కాదు. ఇంటి ఖర్చు, వాయిదా కలిపితే నెలకు 98,000. ఆరు నెలలకు దాదాపు ఆరు లక్షలు. అబ్బాయి చదువు పూర్తయ్యేదాకా, రుణం తీరేదాకా ఆ ఆరు లక్షలను తాకవద్దు. మిగిలిన మూడు లక్షలు సఫారీవి. తక్కిన మూడు లక్షలు మీ జీతాల నుంచే వస్తాయి. ఫీజును నెలలకు పంచి తీసేస్తే మీకు నెలకు దాదాపు 28,000 మిగులుతోంది. అందులో 22,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఫిబ్రవరికి పద్నాలుగు నెలలు, అంటే 3,08,000, పైన వడ్డీ. మొత్తం ఆరు లక్షలు దాటుతుంది. ఖర్చులన్నీ డాలర్లలో ఉంటాయి కాబట్టి రూపాయి జారినా తట్టుకునే యాభై వేలు మిగులుతాయి. సిప్ ఆపకండి.

పర్సనల్ లోన్ జోలికి వెళ్లకండి. నాలుగు లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లు తీసుకుంటే వాయిదా 13,670 పడుతుంది, వడ్డీయే 92,000. ఆ 92,000తో మారాలో సొంత బండికి నాలుగు రోజుల అద్దె కట్టవచ్చు. ఏజెంటు మీకు అప్పు కూడా ఇప్పిస్తానన్నాడంటే అతనికి అందులోనూ కమిషన్ ఉండే ఉంటుంది. నాకు ఈ అలవాటు అస్సలు నచ్చదు.

విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు బిల్లులో టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. ఈ మధ్య బడ్జెట్లలో దాని రేటు మారుతూ వచ్చింది కాబట్టి ఎంత శాతమో రాసి ఇమ్మనండి. అది పోయే డబ్బు కాదు, మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. అందుకే మీ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పన్ను పడుతుందో వారి పాన్ మీదే బుక్ చేయండి.

టీకా సంగతి చాలామంది చివర్లో గుర్తుచేసుకుని కంగారు పడతారు. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో యెల్లో ఫీవర్ టీకా పసుపు కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. మీకు దగ్గర హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ప్రయాణానికి నెల ముందే వెళ్లండి. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో ప్రమాదం కొంత ఎక్కువ, అందుకే ఏళ్ల తరబడి వాయిదా వేయమని నేను అనడం లేదు. మలేరియా మాత్రల గురించి కూడా డాక్టరును అడగండి. బీమాలో మీ వారి బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి, అడవి నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కవరవుతుందో లేదో చూడండి.

ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చేముందు మూడు మాటలు రాతపూర్వకంగా తీసుకోండి. బండి మీ ఇద్దరికేనా, పార్కు రుసుము నాలుగు రోజులకూ కలిసిందా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారు. ఫోనులో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఈలోగా ఒక శని ఆదివారాల్లో మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్లి రండి. హైదరాబాద్ నుంచి రోడ్డు మీద పోగలిగినంత దూరమే. నాలుగు గంటలు జీపులో కదలకుండా కూర్చుని, పులి కనిపించకపోయినా మీ ఇద్దరికీ ఆ పొద్దు బాగుందనిపిస్తే మారాకు నిశ్చింతగా డబ్బు కట్టండి. మీకు విసుగనిపించి, మీ వారికి మాత్రమే నచ్చితే మళ్లీ రాయండి, లెక్క మార్చుకుందాం. వెళ్లేటప్పుడు బైనాక్యులర్ ఒకటి కాదు, రెండు కొనండి. ఆ ఖర్చు కూడా సఫారీ పద్దులోనే రాసుకోండి.