6 ఎంబీలో మూడు గంటల కచేరీ పట్టదు

ప్రశ్న: ఏళ్లుగా ఎదురుచూసిన పాత కచేరీ రికార్డింగులు ఎట్టకేలకు విడుదలైతే ఎంపీ3లో కొనుక్కున్నాను. పల్లవి మధ్యలో ట్రాకు మారినప్పుడల్లా చిన్న ఖాళీ వస్తోంది. ఇంతలో మా వాట్సాప్ గ్రూపులో ‘మూడు గంటల కచేరీ, ఒకే ఫైలు’ అంటూ 6 ఎంబీ ఫైలొకటి వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ చేయమంటోంది. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చేయొద్దు. పాట ఫైలు ఇన్‌స్టాల్ చేయమని అడగదు, నొక్కగానే మోగుతుంది. గుంటూరు, తెనాలి నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన ఊళ్లు మనవి, పాత కచేరీ దొరికిందంటే ప్రాణం లేచొస్తుంది. దొంగలకు కావలసింది ఆ ఆత్రమే.

ఫైలు పేరు చివరిదాకా చూడండి. మధ్యలో ‘ఎంపీ3’ అని ఉన్నా, ఆఖరి చుక్క తర్వాత ‘ఏపీకే’ ఉంటే అది యాప్. పేరు పొడవైతే చాలా ఫోన్లు సరిగ్గా ఆ చివరి ముక్కనే కత్తిరించి చూపిస్తాయి. ముఖ్యమైనదాన్నే దాచే ఇలాంటి డిజైను ఇన్నేళ్లయినా మార్చకపోవడం క్షమించరానిది. సైజు చూసినా గుట్టు బయటపడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో మూడు గంటలకు 170 ఎంబీ పైమాటే.

ఆ యాప్ ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతుంది. ఇచ్చారంటే మీ ఓటీపీలు చదువుతుంది, మీ బదులు తెర మీద తనే నొక్కుతుంది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ముందు డేటా, వైఫై ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండు చోట్లా దాన్ని ఆఫ్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అడ్మిన్‌లో ఉన్నంతసేపు అది కదలదు. ##002# డయల్ చేస్తే మీకు తెలియకుండా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ రద్దవుతుంది. పాస్‌వర్డులు మాత్రం ఆ ఫోన్లో మార్చకండి. ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే దాన్ని మళ్లీ నమ్మండి.

ఇక ఖాళీ సంగతి. ఎంపీ3గా మార్చేటప్పుడే ప్రతి ట్రాకుకూ ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం అతుక్కుంటుంది. ప్లేయర్‌లో ‘గ్యాప్‌లెస్’ ఆన్ చేసి ‘క్రాస్‌ఫేడ్’ (ఒక ట్రాకు చివరను తర్వాతి ట్రాకులో కలిపేసేది) సున్నాకు పెట్టండి. అయినా పోకపోతే, కొన్నచోటే ఫ్లాక్ (ధ్వని నాణ్యత తగ్గించకుండా కుదించే ఫైలు రకం) ఉందేమో చూసి దించుకోండి. సీడీ నాణ్యతలో మూడు గంటలకు సుమారు 1 జీబీ అవుతుంది. ఉన్న ఎంపీ3నే ఫ్లాక్‌గా మారిస్తే సైజు పెరగడమే తప్ప లాభం లేదు.

నాకు అంతకన్నా ఒళ్లు మండేది ‘సౌండ్ ఎన్‌హాన్సర్’, అంటే ధ్వనిని మెరుగుపరుస్తానంటూ రొద తగ్గించి, బాస్ పెంచే సెట్టింగు. కొన్ని ఫోన్లలో అప్‌డేట్ తర్వాత అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ ఆగకుండా ఒకేలా మోగేదాన్ని రొదగా లెక్కగడుతుంది. అందుకే టేపు బుసతో పాటు తంబూరా శ్రుతినీ తుడిచేస్తుంది. బాస్ పెంచితే మృదంగం ఎడమవైపు నాదం గాత్రాన్ని మింగేస్తుంది. సెట్టింగ్స్‌లో సౌండ్ విభాగంలోకి వెళ్లి రెండూ ఆపేయండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూసుకోండి.