స్కోరు 3 అంటే ఆశ వదులుకోవాలా?

మీ నాన్నగారికి మెదడులో రక్తస్రావం జరిగి నిన్ననే గుంటూరులో ఐసీయూలో చేర్చారని, రక్తస్రావం ఎంత ప్రమాదకరమో చెప్పే ఐసీహెచ్ స్కోరు (అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ) 3 అనగానే బంధువులు ఇంటికి తీసుకెళ్ళిపోదాం అంటున్నారని రాశారు. దయచేసి ఈ రోజు ఆ నిర్ణయం తీసుకోకండి.

విజయవాడలో మా అమ్మకూ అదే స్కోరు వేశారు. రాత్రి డ్యూటీ డాక్టరు సీటీ ఫిల్మును లైటుకు ఎదురుగా పట్టుకుని, రక్తపు గడ్డ తాలూకు తెల్లని మచ్చ పొడవు, వెడల్పు, మందం గుణించి సగం చేసి చూపించారు. నలభై మిల్లీలీటర్ల దాకా తేలింది. 30 లేదా అంతకు మించితే ఒక పాయింటు. రక్తం మెదడు లోపలి గదుల్లోకి దిగినందుకు ఒకటి, స్పృహ తగ్గినందుకు ఒకటి. వయసు 80 లేదా అంతకు మించినా, రక్తస్రావం చిన్నమెదడులోనో మెదడు కాండంలోనో జరిగినా ఇంకా కలుస్తాయి.

ఈ లెక్కను 2001లో అమెరికా డాక్టరు హెంఫిల్ బృందం 152 మంది రోగుల వివరాలతో తయారుచేసింది. వారిలో 3 వచ్చినవారు 72 శాతం మంది నెలలోపే చనిపోయారు. భయపెట్టే అంకే, కాదనను. అయితే ఇలాంటి లెక్కల్లో పెద్ద చిక్కుంది. ఇక లాభం లేదని చికిత్స ఆపేస్తే పోయినవారూ ఆ మరణాల్లోనే కలిసిపోతారు. అందుకే 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు కేవలం స్కోరును చూసి చికిత్స తగ్గించవద్దంటాయి. రోగి ముందే తన ఇష్టం చెప్పి ఉంటే తప్ప, కనీసం ఆసుపత్రిలో రెండో పూర్తి రోజు గడిచేదాకా ఆగమంటాయి.

అమ్మ చాలా రోజులు కళ్ళు తెరవలేదు. ఒక ఉదయం నర్సు ముక్కు గొట్టం సరిచేస్తుంటే ఎడమ చేత్తో ఆమె చేతిని తోసేసింది. డాక్టరు వెంటనే వచ్చి మళ్ళీ పరీక్ష చేశారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తుంది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. మనవరాలిని పేరు పెట్టి పిలవడానికి ఏడాది పట్టింది. అదే వార్డులో అంతకన్నా తక్కువ స్కోరున్న పెద్దాయన దక్కలేదు. కాబట్టి మీ నాన్నగారు కోలుకుంటారని నేను మాట ఇవ్వలేను.

డాక్టరుగారిని ఇవి అడగండి: రెండో స్కానులో గడ్డ పెరిగిందా? బీపీ పై అంకె 140 దగ్గర నిలుస్తోందా? స్పృహను అంచనా వేసినప్పుడు మత్తుమందు ప్రభావం ఉందా? మెదడు గదుల్లో నీరు చేరితే గొట్టం వేయాలా? నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఇంట్లో ఉన్న చీటీ ఇప్పుడే తెప్పించి చూపించండి.