పాత సోఫాకి నెలకి 5,500 అద్దె

ప్రశ్న: మాది శ్రీకాకుళం. టీచరుగా రిటైరయ్యాను. మేడ మీద రెండు గదుల వాటా నాలుగేళ్లుగా తాళం వేసి ఉంది. మా అబ్బాయి ఊరు మారినప్పుడు లారీలో పంపిన సోఫా సెట్, డైనింగ్ టేబుల్, వార్డ్‌రోబ్‌లు, మా పాత టేకు మంచం, ఇనుప బీరువా, అత్తగారి భోషాణం అన్నీ అందులోనే. వాటా ఖాళీ చేస్తే 5,500కి దిగుతామని ఒకరు అడుగుతున్నారు. పాత సామాన్లు కొనేవాడు మొత్తానికి 22,000 అన్నాడు. లక్షా ఎనభై వేల సామాను ఇంత చవగ్గా ఎలా ఇస్తామని మావారు ఒప్పుకోవడం లేదు.

జవాబు: టీచరుగారూ, లక్షా ఎనభై వేలు కొన్నరోజే ఖర్చయిపోయాయి. ఇప్పుడు చూడాల్సింది అద్దె లెక్క. ఏడాదికి 66,000, నాలుగేళ్లకి 2,64,000. మధ్యలో కొన్ని నెలలు ఖాళీ పోయినా రెండు లక్షలు దాటేది. ఇంకో అయిదు వేలు పెంచుదామని మీవారు నెల రోజులు బేరం సాగదీస్తే, ఆ పెరిగింది అద్దెలో పోయినట్టే. పైగా ఆషాఢం వచ్చిందంటే ఇల్లు మారేవాళ్లు ఆగిపోతారు.

ముందు అబ్బాయికి ఫొటోలు పంపండి. సామాను అతనిది కూడా కదా. "ఉంచమ్మా, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటే, నెలనెలా 5,500 పంపుతావా అని అడగండి. సరదాకి చెప్పడం లేదు, నిజంగానే అడగండి.

అయితే 22,000కి గుండుగుత్తగా మాత్రం ఇవ్వకండి. అలా ఇస్తే టేకు మంచం విలువ సోఫా కింద పడి మాయమైపోతుంది. కొనేవాడిని కాకుండా, మీకు తెలిసిన వడ్రంగిని పిలిచి మంచం చూపించండి. పట్టెలు చెదలు పట్టకుండా గట్టిగా ఉంటే దాని బేరం విడిగా ఆడాలి. బీరువాదీ అంతే. తలుపులు సరిగ్గా పడుతుంటే బీరువాగానే అమ్మండి, తూకానికి వేయకండి. ఇచ్చే ముందు లాకరు, సొరుగులు పూర్తిగా దులపండి. పాత ఎల్ఐసీ బాండ్లు, పోస్టాఫీసు పత్రాలు దొరికేది అక్కడే.

చెక్కపొట్టు అదిమి చేసిన వార్డ్‌రోబ్‌ల మీద ఆశ పెట్టుకోకండి. ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టవు, మన తీరపు చెమ్మకి అంచులు ఉబ్బిపోయి ఉంటాయి. ఎవరైనా ఉచితంగా దించుకుపోతామంటే సంతోషంగా ఇచ్చేయండి, కూలీ ఖర్చు మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో పెడితే ఒక్క జాగ్రత్త. డబ్బు పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో వాడుకున్న ఫర్నిచర్ అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే ఆస్తి అమ్మిన లాభం మీద వేసే పన్ను, పడదు. అద్దె మాత్రం ఆదాయంలో చూపాలి. కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది.

భోషాణం అమ్మమని నేను చెప్పను. కింద హాల్లోకి దింపించి, శీతాకాలం దుప్పట్లు అందులో పెట్టుకోండి. వచ్చిన డబ్బులోంచి ముందు మేడకి సున్నం వేయించండి. కొత్త సోఫా ఈఎంఐ మాట మీవారు ఎత్తితే, ఈ ఉత్తరం చూపించండి.