ఏ ఊరికి ఏ గుడి? ‘రోమ్: టోటల్ వార్’ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా గుళ్ల గురించే ఉన్నాయి. జూలీ, బ్రూటీ, సిపియో అనే మూడు రోమన్ కుటుంబాల్లో ఒకదాన్ని నడిపిస్తూ ఊళ్లు గెలిచే, 2004లో వచ్చిన ఈ వ్యూహ గేమ్‌ను 2018 చివరి నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, 2021 నుంచి రీమాస్టర్డ్ రూపంలోనూ ఆడుతున్నారు. కింది జవాబులు ఏ మాడ్ (ఆటను మార్చే అదనపు ఫైళ్లు) వేయని మామూలు క్యాంపెయిన్‌కు వర్తిస్తాయి. చివర్లో ‘సీజర్ 3’ అనే నగర నిర్మాణ గేమ్ ఆడే పాఠకురాలి ప్రశ్న కూడా ఒకటి ఉంది.

ప్రశ్న: జూలీ కుటుంబంతో ఆడుతున్నాను. ఊళ్లు త్వరగా పెరగాలని గెలిచిన ప్రతిచోటా సెరీస్ గుడి కట్టాను. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు అరేటియమ్, పటావియమ్, మెడియోలానమ్ మూడింటిలోనూ జనం తిరగబడుతున్నారు. పన్ను తగ్గించినా లాభం లేదు. నేనెక్కడ తప్పాను?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు సెరీస్‌ను ఎంచుకోవడం తప్పు కాదు. ఊరు పెద్దదయ్యాక కూడా ఆ గుడినే ఉంచడం తప్పు.

ఒక ఊళ్లో ఒక్క గుడికే చోటు. జూలీలకు దొరికేవి మూడు: సెరీస్, బాకస్, జూపిటర్. సెరీస్ జనాభా పెంచుతుంది. ఈ గేమ్‌లో జనాభా ఎందుకు కావాలంటే, పాలనా భవనం తర్వాతి మెట్టు తెరుచుకోవడానికి. ఆ మెట్లు 2,000, 6,000, 12,000, 24,000 దగ్గర వస్తాయి. 24,000 దాటాక పైన కట్టడానికి ఏమీ మిగలదు. అక్కడి నుంచి పెరిగే జనం పన్ను కొంచెం పెంచినా, దానికి మించి మురికిని, అంటే తెర మీద ఎలుక బొమ్మతో కనిపించే స్క్వాలర్‌ను, పెంచుతారు.

సెటిల్‌మెంట్ వివరాల పత్రం తెరిచి రెండు వరసలు పక్కపక్కన చూడండి. జనాభా పెరుగుదల వరసలోనూ, పబ్లిక్ ఆర్డర్ (ఊరి శాంతి) వరసలోనూ అదే ఎలుక కనిపిస్తుంది. జనాభా పెరగడం ఎప్పుడు ఆగుతుంది? పొలాలు, గుడి, ఆరోగ్యం కలిసి ఇచ్చే పెరుగుదలను స్క్వాలర్ మొత్తంగా తినేసినప్పుడు. అంటే సెరీస్ ఇచ్చిన ప్రతి 0.5 శాతాన్నీ తినేదాకా అదనపు మురికి పేరుకుంటూనే ఉంటుంది. ఆ మురికే పబ్లిక్ ఆర్డర్‌ను కూడా తింటుంది. అందుకే సెరీస్ గుడిని పై మెట్టుకు పెంచినకొద్దీ పెద్ద నగరం ఇంకా కుదురు తప్పుతుంది. పన్ను తగ్గించడమూ ఇక్కడ ఎదురు తిరుగుతుంది. తక్కువ పన్ను పెరుగుదలను పెంచుతుంది కాబట్టి ఈ టర్న్‌లో (ఆటలో ఒక వంతులో) జనం శాంతించినా, కొన్ని టర్న్‌ల తర్వాత ఎలుకలు ఇంకా ఎక్కువవుతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ముందు ఆ మూడు ఊళ్లలోనూ పీజెంట్స్ (రైతుల) దళాలను టర్న్‌కు ఒకటి చొప్పున తయారు చేయండి. యూనిట్ సైజు హ్యూజ్‌లో ఉంటే ఒక్కో దళానికి 240 మంది ఊరి జనాభాలోంచి తగ్గుతారు. వాళ్లలో కొందరిని అక్కడే కాపలాకు ఉంచండి. కాపలా బలాన్ని గేమ్ తలల లెక్కన, ఊరి జనాభాతో పోల్చి చూస్తుంది కాబట్టి కత్తి పట్టడం రాని పీజెంట్స్ కూడా ఈ పనికి సరిపోతారు. మిగతావాళ్లను గాల్‌లో 2,000 కూడా దాటని ఊళ్లకు నడిపించి అక్కడ దళాన్ని రద్దు చేస్తే ఆ మనుషులు ఆ ఊరి జనాభాలో కలుస్తారు.

ఊరు కుదుటపడ్డాకే గుడి మార్చండి. కూల్చిన గుడి బదులు పెద్ద గుడిని ఒకేసారి కట్టలేరు. చిన్న మందిరం నుంచి ఒక్కో మెట్టు ఎక్కాలి. ఆ టర్న్‌లన్నీ గుడి ఇచ్చే శాంతి ఉండదు. కాబట్టి కూల్చే ముందు కాపలా పెంచండి, పన్ను ఒక మెట్టు దించండి, మూడు ఊళ్లలో ఒకేసారి కూల్చకండి. ఖజానాలో మొదటి రెండు మెట్లకైనా డబ్బు లేకపోతే ఆ పనికి దిగవద్దు.

ఇక ముందు గెలిచే ఊళ్లకు: 6,000 లోపు ఉండి, పొలాలు పలచగా ఉన్న ఊరికే సెరీస్. ఆ ఊరు 12,000 దాకా సొంతంగానే పెరిగేలా ఉంటే మొదటి రోజు నుంచే జూపిటర్ గానీ బాకస్ గానీ కట్టండి.

ప్రశ్న: బాకస్ గుడి కడితే జనం సంతోషంగా ఉంటున్నారు. కానీ గవర్నర్లు ఒక్కొక్కరే తాగుబోతులవుతున్నారు. ఇది కాకతాళీయమా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: కాదు. బాకస్ గుడి ఉన్న ఊళ్లో కుటుంబ సభ్యుడు ఎన్ని టర్న్‌లు గడిపితే తాగుడు లక్షణం అంటుకునే అవకాశం అంత ఎక్కువ. ముదిరితే పాలన, సైన్యాధిపత్యం రెండూ దెబ్బతింటాయి. శాంతి ఇవ్వడంలో జూలీలకు బాకస్‌ను మించిన గుడి లేదన్నది కూడా నిజమే. రెండింటినీ కలిపి చూస్తే దారి దొరుకుతుంది: రాజధానికి దూరంగా, మాటిమాటికీ తిరగబడే పెద్ద ఊళ్లో బాకస్‌ను కట్టి, ఆ ఊరికి గవర్నర్‌నే పెట్టకండి.

ఇలా చేయాలంటే క్యాంపెయిన్ మొదలుపెట్టేటప్పుడే అన్ని సెటిల్‌మెంట్లనూ నేనే చూసుకుంటాను అనే ఆప్షన్‌కు టిక్ పెట్టి ఉండాలి. అది లేకపోతే గవర్నర్ లేని ఊళ్ల పన్ను, నిర్మాణం గేమ్ చేతికి వెళ్లిపోతాయి. చాలామంది ఆ టిక్ చూసుకోకుండా మొదలుపెట్టి, తర్వాత ప్రతి ఊరికీ ఒక గవర్నర్‌ను వెతుక్కుంటూ కూర్చుంటారు.

కుర్ర వారసులు, యుద్ధాల మధ్య విశ్రాంతి తీసుకునే సేనానులు జూపిటర్ ఊళ్లో ఉండాలి. సైన్యంతో బాకస్ ఊరి మీదుగా వెళ్లాల్సి వస్తే టర్న్ ముగించేది ఊరి బయట, దారి మీద. వయసు మళ్లి, ఇక యుద్ధానికి పంపని మనిషి ఒకడుంటే అతన్ని అక్కడ కూర్చోబెట్టినా నష్టం లేదు.

ప్రశ్న: బ్రూటీలతో గ్రీస్ మొత్తం గెలిచాను. అనుభవం ఉన్న సైన్యం కోసం అన్ని ఊళ్లలోనూ మార్స్ గుడి కట్టాలనుకుంటున్నాను. సరైనదేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దు. మార్స్ ఇచ్చే అనుభవం ఆ ఊళ్లో తయారైన దళాలకే దక్కుతుంది. ఒక ఊరు ఒక టర్న్‌కు ఒక దళాన్నే తయారు చేస్తుంది, పైగా అన్ని ఊళ్లలోనూ దళాలు చేస్తే జీతాలు భరించలేరు. బ్యారక్స్ (సైనికులను తయారు చేసే భవనం) బాగా ఎదిగిన ఊళ్లు రెండు ఎంచుకోండి. ఒకటి ఇటలీలో (టారెంటమ్ చాలు), రెండోది యుద్ధం జరుగుతున్న సరిహద్దుకు దగ్గరగా. ఆ రెంటికే మార్స్.

మిగతా చోట్ల బ్రూటీల అసలు బలం మెర్క్యురీ. వ్యాపారం మీద వచ్చే లాభాన్ని అది పెంచుతుంది కాబట్టి అసలు వ్యాపారం ఎక్కువున్న చోటే దాని ఫలితం కనిపిస్తుంది. కోరింత్, ఏథెన్స్, రోడ్స్, బైజాంటియమ్ లాంటి రేవు పట్టణాల్లో కట్టండి. రేవు, మార్కెట్, రోడ్లు ముందు, గుడి తర్వాత. రేవు లేని లోపలి ఊళ్లో మెర్క్యురీ కడితే తేడా పెద్దగా తెలియదు.

జూనో ఆరోగ్యాన్ని ఇస్తుంది. ఆరోగ్యం శాంతినీ పెంచుతుంది, జనాభానూ పెంచుతుంది. అంటే పై జవాబులో సెరీస్ గురించి చెప్పిన ఎలుకల లెక్క జూనోకూ వర్తిస్తుంది. చిన్న ఊళ్లకు మేలు, 24,000 దాటిన నగరానికి కాదు.

ప్రశ్న: గెలిచిన ఊళ్లో శత్రువుల గుడి ఉంటే ఉంచాలా, కూల్చాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆ గుడి ఇచ్చే లాభం మీకూ వస్తుంది, కానీ దాన్ని పై మెట్టుకు పెంచలేరు. వేరే సంస్కృతి కట్టడం కాబట్టి కల్చర్ పెనాల్టీలో (సంస్కృతి తేడా వల్ల ఊరి శాంతికి పడే కోతలో) దాని వాటా ఉంటుంది. గెలిచిన టర్న్‌లోనే కూల్చాలన్న తొందర మాత్రం వద్దు. ఊరు అప్పటికే కుదురుగా లేదు, ఉన్న కాస్త శాంతి కూడా తీసేస్తే చేయి జారుతుంది.

ఊరు పెద్దదైతే ముందు జనాభా సంగతి తేల్చండి. బానిసలుగా పంపే ఆప్షన్ సగం జనాన్ని, గవర్నర్లున్న మీ మిగతా ఊళ్లకు పంచుతుంది. ఊచకోత ఆప్షన్ నాలుగింట మూడొంతులను తీసేస్తుంది. మొదటిదే చాలాసార్లు సరిపోతుంది, మీ చిన్న ఊళ్లూ పెరుగుతాయి. తర్వాత పాలనా భవనాన్ని మీ చేతులతో ఒక మెట్టు పెంచండి. కల్చర్ పెనాల్టీని తగ్గించడంలో గుడి మార్చడం కంటే దాని పాత్ర పెద్దది. ఆ తర్వాత పబ్లిక్ ఆర్డర్ నిలకడగా ఉన్నప్పుడు గుడి కూల్చి మీది మొదలుపెట్టండి. ఊళ్లో ఆ భవనం మీద కుడి బటన్ నొక్కితే వచ్చే పత్రంలో కూల్చివేత గుర్తు ఉంటుంది. కూల్చినందుకు కొంత డబ్బు తిరిగి వస్తుంది.

అంతర్యుద్ధంలో సాటి రోమన్ కుటుంబం ఊరు గెలిస్తే లెక్క వేరు. సంస్కృతి ఒకటే కాబట్టి పెనాల్టీ లేదు. జూలీలు గెలిచిన కాపువాలో నెప్ట్యూన్ గుడి పెద్ద మెట్టులో ఉంటే అలాగే ఉంచేయండి.

ప్రశ్న: సిపియోలకు ఏది మంచిది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సిసిలీలోనూ, ఆఫ్రికా తీరంలోనూ శాంతి కోసం శాటర్న్. అది ఇచ్చేది చట్టం వల్ల వచ్చే శాంతి, కాబట్టి అవినీతిలో పోయే డబ్బు కూడా తగ్గుతుంది. రాజధానికి దూరమైన ఊళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆయుధాలకు మెరుగు కావాలంటే వల్కన్, అదీ ఒక్క ఊళ్లోనే. పాత దళాలను అక్కడికి తెచ్చి రీట్రైన్ (మళ్లీ శిక్షణ) చేస్తే వాటికీ ఆ మెరుగు వస్తుంది. నెప్ట్యూన్ ఓడలు తయారు చేసే ఒక్క రేవుకు చాలు.

ప్రశ్న: నిజంగా రోమ్‌లో ఒక్కో కుటుంబానికి మూడేసి దేవుళ్లు ఉండేవాళ్లా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: లేరు. అది ఆట కోసం చేసిన పంపకం. జూపిటర్, జూనో, మినర్వా ముగ్గురికీ కాపిటోలైన్ కొండ మీద ఒకే ఆలయం ఉండేది. రోమన్ సంప్రదాయం ప్రకారం దాని ప్రతిష్ఠ క్రీ.పూ. 509లో జరిగింది. ఆటలో జూనో బ్రూటీలది, జూపిటర్ జూలీలది, మినర్వా మూడు కుటుంబాల్లో ఎవరికీ లేదు. ఇంకో విశేషం, చరిత్రలో జూలియస్ వంశం తాము వీనస్ సంతతి అని చెప్పుకుంది. సీజర్ క్రీ.పూ. 46లో వీనస్ జెనెట్రిక్స్‌కు ఆలయం ప్రతిష్ఠించాడు. ఆటలో జూలీలకు వీనస్ గుడే లేదు.

కొన్ని లక్షణాలు మాత్రం చరిత్రకు దగ్గరగా కుదిరాయి. మెర్క్యురీ నిజంగానే వర్తకుల దేవుడు. శాటర్న్ ఆలయంలో రోమ్ ప్రభుత్వ ఖజానా ఉండేది. బాకస్ విషయమైతే మరీ ఆసక్తికరం: క్రీ.పూ. 186లో సెనేట్ బాకస్ ఉత్సవాలను ఇటలీ అంతటా కఠినంగా కట్టడి చేసింది. ఆ ఉత్తర్వు చెక్కిన కంచు పలక దక్షిణ ఇటలీలో దొరికింది, ఇప్పుడు వియన్నాలో ఉంది. ఆట మొదలయ్యేది క్రీ.పూ. 270లో, ఏడాదికి రెండు టర్న్‌లు. ఆ లెక్కన 168 టర్న్‌లు గడిస్తే మీరూ ఆ సంవత్సరానికి చేరతారు.

ప్రశ్న: ‘సీజర్ 3’లో ఊరికి ఏ దేవుడు మంచిది? నేను తీరం ఊరు కాబట్టి నెప్ట్యూన్‌కు నాలుగు గుళ్లు, మిగతావాళ్లకు ఒక్కొక్కటి కట్టాను. సెరీస్ కోపగించి పంటలు పాడుచేసింది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇక్కడ ఎంపిక అనేదే ఉండకూడదు. 1998 నాటి ఈ గేమ్‌లో ఐదుగురు దేవుళ్లూ ఒకే ఊళ్లో ఉంటారు: సెరీస్, నెప్ట్యూన్, మెర్క్యురీ, మార్స్, వీనస్. ఒక్కో దేవుడి గుళ్లు ఊరి జనాభాలో ఎంతమందికి సరిపోతాయన్నదే ఆ దేవుడి ప్రసన్నత. అందరికంటే ఎక్కువ గుళ్లున్న దేవుడికి అదనపు ప్రసన్నత, అందరికంటే తక్కువ ఉన్న దేవుడికి కోత పడతాయి. మీరు నెప్ట్యూన్‌ను సంతోషపెట్టడానికి ఖర్చుపెట్టారు, పెరిగిన జనాభాకు మిగతా నలుగురి గుళ్లూ చాలలేదు.

కాబట్టి గుళ్లను ఐదేసి చొప్పున కట్టండి. ఒక నివాస ప్రాంతానికి ఐదుగురికీ ఒక్కో చిన్న గుడి, రోడ్డును ఆనుకుని, ఇళ్లకు దగ్గరగా. కూలీలు దొరకని గుడి నుంచి పూజారి బయటికి రాడు. చిన్న గుడి 2×2 గళ్లు, పెద్దది 3×3. పెద్ద గుడికి గిడ్డంగిలో 2 బండ్ల పాలరాయి ఉండాలి. ఇళ్లు విల్లాలుగా (ధనికుల పెద్ద ఇళ్లుగా) మారాలంటే ఒక్కో ఇంటికి ఇద్దరు దేవుళ్ల పూజారులు, ఆపైన ముగ్గురు, నలుగురు అందాలి. అందుకని విల్లాలు కట్టే వీధిలో వేర్వేరు దేవుళ్ల గుళ్లు పక్కపక్కనే పెట్టండి. చోటు లేకపోతే ఒరాకిల్ (దైవవాణి మందిరం) కట్టండి, అది ఐదుగురి లెక్కలోనూ సమానంగా చేరుతుంది. దానికీ 2 బండ్ల పాలరాయి కావాలి.

ఉత్సవాలు కూడా వంతులవారీగా చేయించండి. దేవుడికి చివరి ఉత్సవం జరిగి ఎన్ని నెలలైందన్నదే లెక్క, ఉత్సవం ఎంత పెద్దదన్నది కాదు. పెద్దదీ మహోత్సవమూ జనం సంతోషాన్ని ఎక్కువ పెంచుతాయంతే. 4,000 జనాభాకు చిన్న ఉత్సవం 210 డెనారీ, మహోత్సవం 840 డెనారీతో పాటు ద్రాక్షసారా కూడా. ఏర్పాట్లకు చిన్నదానికి 2 నెలలు, మహోత్సవానికి 4. సలహాదారు తెరలో దేవుడి పేరు పక్కన మెరుపులు కనిపించాయంటే వెంటనే ఆ దేవుడికి చిన్న ఉత్సవం ప్రకటించి, అదే రోజు ఒక గుడికి స్థలం చూడండి. మీ విషయంలో ఆ మొదటి గుడి సెరీస్‌ది, ఆ వెంటనే మిగతా ముగ్గురివీ. నెప్ట్యూన్‌కు ఇప్పట్లో ఐదోది వద్దు.