దవాఖానకు సద్ది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మకు నల్లగొండలో గర్భసంచి ఆపరేషన్ అయింది. డాక్టర్లు మెత్తటి తిండి పెట్టమన్నారు. పొద్దున ఆరింటికల్లా అన్నం, పప్పు స్టీలు క్యారేజీలో సర్దుకొని బస్సెక్కుతున్నాను. ఆమె తినేసరికి పన్నెండవుతోంది. మొన్న అన్నం జిగురొచ్చింది. వేడివేడిగానే కడుతున్నాను కదా, ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వేడిగా కడితే చాలదమ్మా, తినేదాకా ఆ వేడి నిలవాలి. స్టీలు క్యారేజీలో నిలవదు. బస్సు నల్లగొండ చేరేసరికి అన్నం గోరువెచ్చనవుతుంది, క్రిములకు కావలసింది అదే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి పెరుగుతాయి, అనువు కుదిరితే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. వండినది బయట 2 గంటలకు మించి ఉంచొద్దనేది అందుకే. చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు, మన ఎండాకాలం సంగతి చెప్పేదేముంది. మీ అన్నం ఆరు గంటలు ఉంటోంది.

అక్కడ వేడిచేసి పెడదామంటే అదీ కుదరదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం మెల్లగా చల్లారుతుంటే అవి మేల్కొని విషం వదులుతాయి. మళ్లీ కాచినా ఆ విషం పోదు. వాసన రాలేదు కాబట్టి బాగానే ఉందనుకోవడానికీ లేదు. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు వాంతులు పట్టుకుంటే ఎంత బాధో చెప్పక్కర్లేదు.

క్యారేజీ పక్కన పెట్టి, వెడల్పు మూతి ఉన్న అర లీటరు వాక్యూమ్ ఫ్లాస్కు కొనండి. గుప్పెడు బియ్యం (50 గ్రాములు), అందులో సగం పెసరపప్పు, అర లీటరు నీళ్లు పోసి కుక్కర్లో జారుగా కిచిడీ చేయండి. పొడి అన్నం కన్నా జారుగా ఉన్నది వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. కుక్కర్ మూత తీశాక మళ్లీ పొయ్యి మీద కుతకుతలాడనివ్వండి. ఆలోపు ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి, మూత బిగించి 10 నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లు వంపేసి, ఉడుకుతున్న కిచిడీని వెంటనే నిండా పోయండి. సగమే పోస్తే త్వరగా చల్లారుతుంది. దారిలో ‘ఎలా ఉందో’ అని మూత తీయొద్దు.

ఫ్లాస్కును ముందే ఇంట్లో పరీక్షించండి. ఇలాగే నింపి, మీరు కట్టినప్పటి నుంచి అమ్మ తినేదాకా ఎంతసేపవుతుందో అంతసేపు ఆగి, వంటింటి థర్మామీటరు ముంచి చూడండి. 60 పైన ఉండాలి. థర్మామీటరు లేకపోతే, ఒక్క చెంచా ఊదుకోకుండా తినగలిగారంటే ఆ ఫ్లాస్కు మీ ప్రయాణానికి చాలదన్నట్టే. హాట్‌ప్యాక్ పక్క వీధికి సరే, ఇంత దూరానికి నమ్మొద్దు.

వార్డులో సబ్బుతో చేతులు కడుక్కొని, తినేంత గిన్నెలో వంచుకోండి. ఎంగిలి చెంచా ఫ్లాస్కులో ముంచొద్దు. మిగిలింది మంచం పక్క అరలో దాచి రాత్రికి పెట్టడమే చాలామంది చేసే పొరపాటు. పారేయడానికి మనసొప్పదు, నిజమే, కానీ పారేయండి. పెరుగు ఇంటి నుంచి మోయకుండా అక్కడే చల్లటి ప్యాకెట్ కొనండి. సర్కారు దవాఖానలో చేరినవాళ్లకు భోజనం పెడతారు, రాత్రి పూటకు దాన్ని వాడుకోవచ్చు.

ప్రశ్న: నాన్నకు కిడ్నీ జబ్బు, మహబూబ్‌నగర్‌లో చేర్చాం. ఉప్పు బదులు ‘లో సోడియం’ ఉప్పుతో పచ్చి పులుసు, తోడుగా కొబ్బరినీళ్లు తీసుకెళ్తున్నాను. మంచిదేనా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఆపేయండి. ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కొబ్బరినీళ్లలో, చింతపండులో, అరటిపండులో కూడా పొటాషియం ఎక్కువే. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. మామూలు ఉప్పే డాక్టరు చెప్పినంత వేయండి. తొక్కులు, అప్పడాలు వద్దు. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత పొటాషియం పోతుంది. నీళ్లకు కొలత పెట్టి ఉంటే చారు, జావ, సల్ల కూడా ఆ లెక్కలోకే వస్తాయి. రక్తపరీక్ష కాగితం డైటీషియన్‌కు చూపించాకే కొత్త వంటకం మొదలుపెట్టండి.

ప్రశ్న: తాతకు ముక్కు గొట్టం వేశారు. ఇంటి రాగిజావ పట్టొచ్చా?
– నాగర్‌కర్నూల్

జవాబు: నర్సు ఒప్పుకుంటేనే, మొదటిసారి ఆమె చేతే పట్టించండి. రాగిజావ చల్లారేకొద్దీ చిక్కబడి గొట్టాన్ని మూసేస్తుంది. పలుచగా కాచి, పలుచటి గుడ్డలో వడగట్టి, పైన చెప్పిన ఫ్లాస్కులోనే తేవాలి. కావలసినంత గిన్నెలోకి తీసి, గోరువెచ్చనయ్యాక వెంటనే పట్టాలి. తల వైపు మంచం 30–45 డిగ్రీలు ఎత్తి ఉంచండి, పట్టాక మరో అరగంట అయినా దించొద్దు. ముందూ తర్వాతా నర్సు చెప్పినన్ని మంచినీళ్లు గొట్టంలో పోస్తే లోపల జావ పేరుకోదు. మాత్రల పొడి జావలో కలపొద్దు. పడుతుండగా దగ్గొస్తే అక్కడే ఆపి నర్సును పిలవండి.