ఆ మాట ఎవరిదో చూడు

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం ఉదయం

చిరంజీవి బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోనులో నువ్వు అన్న మాట చాలాసేపు నన్ను నిద్రపోనివ్వలేదు. "మాటలన్నీ తెలుసు తాతయ్యా, వాక్యాలూ అర్థమవుతున్నాయి, అయినా జవాబులు తప్పుతున్నాయి" అన్నావు. మీ అమ్మ పంపిన ఫోటోల్లో నీ ఎంట్రన్సు పరీక్షల ఇంగ్లీషు ప్రాక్టీసు పేపర్లు మూడింటినీ పెద్దవి చేసుకుని పొద్దున్నే చూశాను. తప్పిన బిట్లు ఇరవై మూడు. అందులో పదం అర్థం తెలియక పోయినవి నాలుగే. మిగతా పందొమ్మిదీ అన్ని పదాలూ తెలిసి ఉండగానే పోయాయి. కాబట్టి రోజుకు యాభై పదాలు బట్టీ పట్టిస్తున్న ఆ లావుపాటి పుస్తకాన్ని కొన్నాళ్లు పెట్టె అడుగున పడెయ్యి. నీ జబ్బు అక్కడ లేదు.

నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. కోర్టులో అనువాదకుడిగా ముప్ఫై ఏళ్లు తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు కాగితాలను తెలుగులోకి దించుతూ బతికినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొరపాటు చేశాను. సాక్షి తెలుగులో "వాడు ఆ రాత్రి గొడ్డలి పట్టుకుని వెళ్లాడట" అన్నాడు. నేను ఇంగ్లీషులో "వెళ్లాడు" అనే అర్థం వచ్చేలా రాశాను. ఒక్క "ట" ఎగిరిపోయింది. అవతలి వకీలు లేచి నిలబడ్డాడు. జడ్జిగారు కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, "ఇతను చూశాడా, విన్నాడా?" అని అడిగారు. విన్న సాక్ష్యానికీ కళ్లారా చూసిన సాక్ష్యానికీ మధ్య ఒక మనిషి జైలుకు పోవడమో పోకపోవడమో ఉంటుంది. ఆ రోజు చెమట పట్టిన చొక్కా నాకు ఇప్పటికీ గుర్తే.

నీ పందొమ్మిది తప్పుల్లో తొమ్మిది అచ్చంగా నా తప్పే. మనకు "ట" అనే చిన్న ముక్క క్రియకే అతుక్కుని ఉంటుంది, వినగానే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అది ఒకచోట నిలవదు. 'అలెజెడ్లీ' అనో, 'రిపోర్టెడ్లీ' అనో, 'సపోజెడ్లీ' అనో వాక్యంలో ఏదో మూల నక్కి ఉంటుంది. ఒక్కోసారి "కొందరు ఆర్థికవేత్తల నమ్మకం ప్రకారం" అని పేరా మొదట్లో ఒకసారి చెప్పేసి, తర్వాతి మూడు వాక్యాలూ ఆ నీడలోనే నడిపిస్తారు. నువ్వు మూడో వాక్యానికి వచ్చేసరికి ఆ నీడను మర్చిపోతున్నావు. ఆర్థికవేత్తల మాటను రచయిత మాటగా టిక్కు పెడుతున్నావు. తీరా చూస్తే రచయిత ఆ మాటను ఖండించడానికే దాన్ని ఎత్తుకుని ఉంటాడు.

ఇక బిగువు, అంటే మాటను ఎంత గట్టిగా చెప్పారన్నది. "వచ్చాడు", "వచ్చి ఉంటాడు", "వచ్చి ఉండవచ్చు" ఈ మూడింటికీ తేడా నీకు ఎవరూ నేర్పలేదు, ఉగ్గుపాలతో వచ్చింది. 'మే', 'మైట్', 'సీమ్స్', 'లైక్లీ' అన్నవి కనిపించినప్పుడు ఆ తెలుగు చెవితోనే విను. ప్యాసేజీ "ఉండవచ్చు" అంటే, "ఉంది" అని తేల్చేసిన ఆప్షను తప్పు. మీ కోచింగులో 'ఆల్వేస్', 'నెవర్', 'ఓన్లీ' ఉన్న ఆప్షన్లన్నీ కొట్టెయ్యమని చెప్పారన్నావు. ఆ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకు. ప్యాసేజీయే "ఎన్నడూ జరగలేదు" అని ఘంటాపథంగా చెబితే 'నెవర్' ఉన్నదే సరైన జవాబు. బిగువు ప్యాసేజీలో ఎంతో ఆప్షనులోనూ అంతే ఉందా అన్నదొక్కటే తూచు.

మిగిలిన తప్పుల్లో ఎక్కువ భాగం నీ తెలివివల్లే వచ్చాయి. ఎలాగో చెబుతాను. మన బెజవాడ ఆనకట్ట మీద ఒక ప్యాసేజీ ఇచ్చారనుకో. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆ పాత ఆనకట్ట పని కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో సాగిందని, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చిందని అందులో ఉంది. "ప్యాసేజీ ప్రకారం ఆనకట్ట నిర్మాణాన్ని పర్యవేక్షించినది ఎవరు?" అన్నది ప్రశ్న. డెల్టా పిల్ల చెయ్యి తనంతట తానే కాటన్ పేరు మీదకు పోతుంది. ఊరూరా విగ్రహాలు చూసి పెరిగాం కదా! కాటన్ దొరకు ఈ కథలో పెద్ద భాగమే ఉంది, ఎవరూ కాదనరు. కానీ ఆ కాగితంలో ఉన్న పేరు ఓర్. ప్రశ్న రాసేవాళ్లు ఇలాంటి ఆప్షన్లను కావాలనే పెడతారు: లోకంలో నిజం, ప్యాసేజీలో మాత్రం లేదు. కోర్టులో మేము "రికార్డులో లేదు" అనేవాళ్లం. ఊరందరికీ తెలిసినా రికార్డుకు ఎక్కనిది కోర్టుకు తెలియనట్టే. ఆ మాట నీ నోటుబుక్కు అట్ట మీద రాసుకో.

పరీక్షల సంగతి ఒకసారి చూద్దాం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు పెట్టే సీయూఈటీ ఇంగ్లీషు పేపరులో 2025 నుంచి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, అన్నీ రాయాల్సినవే. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. సమాచారం చెప్పేవి, కథనం నడిచేవి, సాహిత్యపు వాసన ఉన్నవి, ఇలా మూడు రకాల ప్యాసేజీలుంటాయి. వాటితో పాటు వాక్యాలను వరసలో పెట్టడం, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీట్లకు పెట్టే క్లాట్ దారి వేరు. 2020 నుంచి ఆ పేపరులో విడి బిట్లు పోయి అంతా ప్యాసేజీల మీదే నడుస్తోంది. 2 గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. ఇంగ్లీషు విభాగంలో ఒక్కో ప్యాసేజీ 450 పదాల దాకా ఉంటుంది. న్యాయం, తర్కం, వర్తమాన వ్యవహారాలు, చివరికి లెక్కలు కూడా చదివి అర్థం చేసుకుంటేనే. అందుకే ఈ సాధనను ఇంగ్లీషు సబ్జెక్టుగా చూడకు, మొత్తం పేపరుకు అది పునాది.

మైనస్ మార్కులంటే నీకు వణుకు పుట్టించారు ఎవరో. లెక్క వేసి చూడు. సీయూఈటీలో నాలుగు ప్రశ్నలకు కళ్లు మూసుకుని గీత గీసినా, సగటున ఒకటి తగిలి మూడు తప్పుతాయి. 5 వస్తాయి, 3 పోతాయి. ఇంకా 2 మిగులుతాయి. ఒక్క ఆప్షను తప్పని నీకు గట్టిగా తెలిసినా లాభం ఇంకా పెరుగుతుంది. క్లాట్‌లో ఆ మిగులు పావు మార్కే, అయినా నష్టం లేదు. కాబట్టి ఖాళీ వదలకు. నా భయమంతా వేరే దానిమీద. ఈఏపీసెట్‌కు తయారైన పిల్లలకు 160 బిట్లు 3 గంటల్లో దంచే అలవాటు, మైనస్ లేని ధీమా రెండూ ఒంటబట్టి ఉంటాయి. ఫార్ములా చూడగానే చెయ్యి కదులుతుంది. ఇక్కడ ఫార్ములా లేదు. ఆప్షనులో ప్యాసేజీలోని పదం ఒకటి కనబడగానే నీ చెయ్యి కదులుతోంది. తప్పు ఆప్షన్లలోనే ప్యాసేజీ పదాలు ఎక్కువగా ఉంటాయి, గమనించావా? సరైన జవాబు తరచుగా మారుమాటల్లో వస్తుంది.

వాక్యం పొడవుగా ఉన్నచోట తడబడుతున్నావు. దానికి కారణం నీ మాతృభాషే, అందులో తప్పేమీ లేదు. తెలుగు వాక్యంలో క్రియ చిట్టచివర కూర్చుంటుంది, అందాకా మనం ఓపిగ్గా ఎదురుచూస్తాం. ఇంగ్లీషులో క్రియ ముందే వెళ్లిపోయి, వెనక 'విచ్', 'హూ', 'దట్' అంటూ తోకలు వేలాడుతూ వస్తాయి. చివరిదాకా ఎదురుచూసిన నీకు తోకలోని క్రియే అసలు క్రియలా కనిపిస్తోంది. పెన్సిలు తీసుకుని కర్త కింద ఒక గీత, అసలు క్రియ కింద ఒక గీత పెట్టు. మిగతాదంతా వేలితో మూసి, ఆ రెండింటినీ కలిపి ఒకసారి చదువు. నెలరోజులు కాగితం మీద ఇలా చేస్తే కన్ను దానంతటది వెతుక్కుంటుంది. సీయూఈటీ కంప్యూటర్ మీద కాబట్టి అక్కడ గీతలు కుదరవు, క్లాట్ కాగితం మీదే. వారానికి రెండు ప్యాసేజీలైనా తెర మీద చదివి కంటికి అలవాటు చెయ్యి.

పదాల పుస్తకం పక్కన పెట్టమన్నాను గాని, ఒకరకం పదాల మీద మాత్రం నిఘా పెట్టు: మనింట్లో తిరిగే ఇంగ్లీషు మాటలు. "లోను సాంక్షన్ అయింది" అంటాం, మంజూరైందని. అంతర్జాతీయ రాజకీయాల ప్యాసేజీలో ఒక దేశం మీద 'సాంక్షన్లు' అంటే ఆంక్షలు, శిక్ష. "మావాడు క్వాలిఫై అయ్యాడు" అంటాం. ఒక ప్రతిపాదనకు 'క్వాలిఫైడ్' మద్దతు ఇచ్చారంటే షరతులు పెట్టి, కొంతమేరకే ఇచ్చారని. "ఆసుపత్రిలో క్రిటికల్‌గా ఉన్నాడు" అంటాం, రచయిత 'క్రిటికల్'గా ఉన్నాడంటే విమర్శిస్తున్నాడని. తెలియని పదం దగ్గర ఎవరైనా ఆగుతారు. తెలుసనుకున్న పదం ఆపకుండానే ముంచుతుంది. ఇలాంటివి దొరికినప్పుడల్లా, పూర్తి వాక్యంతో సహా రాసుకో.

రచయిత ధోరణి గురించి అడిగే ప్రశ్నల్లో నువ్వు అన్నింటికీ 'న్యూట్రల్' పెట్టావు, నవ్వొచ్చింది. 'స్కెప్టికల్' అంటే రుజువు చూపించు అనేవాడు, 'సినికల్' అంటే అందరూ స్వార్థపరులేనని ముందే తేల్చేసుకున్నవాడు. మీ నాయనమ్మ "ఆహా, ఎంత పొద్దున్నే లేచావమ్మా" అంటే అది మెచ్చుకోలు కాదని నీకు తెలుసు కదా. ఇంగ్లీషు రచయితలకూ నాయనమ్మలు ఉంటారు. పొగడ్త మరీ ఎక్కువగా ఉంటే, పక్క వాక్యంలో ఆ పొగడ్తకు తగిన పని ఏదైనా ఉందేమో వెతుకు. లేకపోతే అది వెటకారమే.

సాధన సంగతి. రోజుకు పది ప్యాసేజీలు చేస్తున్నానని గొప్పగా చెప్పావు. రెండు చాలు. ఒకటి గడియారం పెట్టుకుని, ఒకటి గడియారం లేకుండా. గడియారం లేనిదాంట్లో ప్రతి పేరా పక్కన రెండే మాటలు తెలుగులో రాయి. పేరా ఏం చెప్పిందో అక్కర్లేదు, ఏం చేసిందో రాయి: వాదన, ఎదురు వాదన, ఉదాహరణ, మెలిక. 'హవెవర్' వచ్చినచోట సాధారణంగా మెలిక ఉంటుంది, ప్రశ్నలు కూడా అక్కడే మూగుతాయి. జవాబులు పెట్టాక, కీ చూడకముందే, వదిలేసిన మూడు ఆప్షన్లలో ఒక్కొక్కటీ ఎందుకు తప్పో ఒక ముక్క రాయి: "రికార్డులో లేదు", "బిగువు పెంచారు", "మాట వేరేవాళ్లది", "సగమే నిజం". ఇది విసుగు పుట్టించే పని. మొదటివారం నన్ను తిట్టుకుంటావు కూడా. పది ప్యాసేజీలు దంచినదానికంటే ఈ ఒక్కటే నీకు ఎక్కువ ఇస్తుంది.

ఇంగ్లీషులోనే ఆలోచించమని మీ వాళ్లంటున్నారట. పరీక్ష హాల్లో సరే. ఇంట్లో మాత్రం, అర్థమైందని నువ్వు అనుకున్న వాక్యాన్ని ఒకసారి తెలుగులో చెప్పి చూడు. నోరు తడబడితే అర్థం కాలేదన్నమాట. ఇంతకంటే నికరమైన పరీక్ష నాకు తెలియదు.

ఏం చదవాలంటావా? ముందుగా పాత ప్రశ్నపత్రాలు, సీయూఈటీ నడిపే ఎన్‌టీఏవీ, క్లాట్ నడిపే కన్సార్షియంవీ వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ప్రైవేటు మోడల్ పేపర్లలో చాలావాటి కీలతో నాకు పేచీ ఉంది. కీ తప్పనిపిస్తే ప్యాసేజీలో వాక్యం చూపించి వాదించు, ఊరికే తల ఊపకు. ది హిందూ సంపాదకీయం రోజూ చదవాలని అందరూ అంటారు. వారానికి రెండు చాలు. మిగతా రోజుల్లో మన ప్రాంతపు వార్త ఒకదాన్ని తెలుగు పత్రికలోనూ ఇంగ్లీషు పత్రికలోనూ పక్కపక్కన పెట్టి చదువు. అదే సంఘటనలో ఒకరు "అట" అన్నచోట ఇంకొకరు ఏం రాశారో చూడు. ఆదివారం హాస్టల్ నుంచి బయటికి వదులుతారు కదా, సినిమా మానెయ్యమనను. దారిలో మీ బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఒక అరగంట తచ్చాడు. పాత ఇంగ్లీషు పత్రికలు, వ్యాసాల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. ప్రశ్నలు లేని ఇంగ్లీషు కూడా కొంచెం చదవాలి, లేకపోతే ప్రతి పేరా నీకు శత్రువులా కనిపిస్తుంది. బెజవాడ అంటే 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు. అలాంటి ఊళ్లో ఉండి హాస్టల్ గదిలో ఫోను తెర మీదే చదువుతానంటే నాకు కాస్త కోపం వస్తుంది.

నిద్ర తగ్గించకు. పన్నెండు దాటాక చదివిన ప్యాసేజీలో "ట" ఎవరికీ కనపడదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పెట్టాను. మిర్చి యార్డులో ధరల మీద నేనే ఇంగ్లీషులో రాసిన చిన్న ప్యాసేజీ, నాలుగు ప్రశ్నలు. వ్యాపారుల మాట ఒకటి, రైతుల మాట ఒకటి, నా మాట ఒకటి అందులో కలిసి ఉన్నాయి. ఏది ఎవరిదో మూడు రంగుల్లో గీతలు పెట్టి, తప్పు ఆప్షన్ల పక్కన కారణాలు రాసి ఫోటో తీసి పంపు. కీ పంపడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య