ద్రవ్యరాశి, భారం గ్రాఫు: ముందు వాలు చూడండి

"ద్రవ్యరాశికీ భారానికీ ఉన్న సంబంధం గ్రాఫుతో నిజంగా అర్థమవుతుందా?" అని ఒకరు అడిగారు. అవుతుంది. నన్నడిగితే గ్రాఫుతో తప్ప అర్థం కాదంటాను. కాకపోతే పిల్లలు తాము తీసుకున్న రీడింగులతోనే అది గీయాలి.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలకి 5 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసు, ఒక హ్యాంగరు, దాని మీద పెట్టే 50 గ్రాముల బిళ్లలు ఇచ్చాను. గ్రాఫులో అడ్డంగా బిళ్లల ద్రవ్యరాశి, నిలువుగా త్రాసు చూపించే భారం. ఒక బిళ్ల పెడితే త్రాసు 1 న్యూటన్ చూపించింది. రెండు పెడితే 1.5, మూడుకి 2, నాలుగుకి 2.5. చుక్కలన్నీ ఒకే వరుసలో పడ్డాయి. గీత మాత్రం సున్నా దగ్గరికి రాకుండా నిలువు అక్షాన్ని అర న్యూటన్ దగ్గర తాకింది. ఒకబ్బాయి అప్పుడే రబ్బరు తీశాడు. "సార్, గైడులో సున్నా నుంచే ఉంది, మార్చేస్తాం" అన్నాడు. పక్కనున్న అమ్మాయి కాగితం వదల్లేదు. గీతని ఎడమవైపుకి పొడిగిస్తే అడ్డ అక్షాన్ని మైనస్ 50 గ్రాముల దగ్గర తాకింది. కాసేపు దాన్నే చూసి, "సార్, హ్యాంగరుని లెక్కలో వేసుకోలేదు మనం" అంది. త్రాసులో తూచాం. 50 గ్రాములే.

గైడు చూసి రీడింగులు వేసుకునే పిల్లలకి ఈ హ్యాంగరు ఎప్పటికీ కనిపించదు. ప్రయోగం చేయకుండానే రికార్డులు నింపించి సంతకాలు పెట్టేస్తున్నాం. పరీక్షలో కూడా కుడిచేతి మూల స్కేలు రాశాడా లేదా అని చూస్తాం, వాలు అంటే ఏమిటని ఒక్కరం అడగం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

అసలు విషయమంతా ఆ వాలులోనే ఉంది, అంటే ద్రవ్యరాశి ఒక కిలో పెరిగితే భారం ఎంత పెరుగుతుందన్న లెక్కలో. పై రీడింగుల్లో ఒక బిళ్ల నుంచి నాలుగు బిళ్లలకి 0.15 కిలోలు పెరిగితే భారం 1.5 న్యూటన్లు పెరిగింది, అంటే వాలు 10. భూమి మీద అసలు విలువ 9.8. పదో వంతు న్యూటన్ గీతలున్న త్రాసుతో దానికి ఇంత దగ్గరగా రావడం చాలు. ఈ వాలే గురుత్వ త్వరణం, అంటే కిందికి పడే వస్తువు వేగం సెకనుకి ఎంత చొప్పున పెరుగుతుందో అది. ఇప్పుడు అదే కాగితం మీద చంద్రుడి గీత గీయించండి, వాలు 1.6. ఒక కిలో దగ్గరున్న చుక్క 9.8 నుంచి 1.6కి నిట్టనిలువుగా దిగుతుంది, పక్కకి మాత్రం కదలదు. ద్రవ్యరాశి మారదన్న మాట పిల్లల కళ్లకి కట్టేది అక్కడే. పాత ఇనుము కొనేవాళ్ల స్ప్రింగు కొక్కెం కాటా చంద్రుడి మీద కిలోని ఆరో వంతుగా చూపిస్తుంది. రెండు పళ్లేల తక్కెడ అక్కడా కిలోనే చూపిస్తుంది, రాళ్ల భారం కూడా అంతే తగ్గుతుంది కాబట్టి.

భూమి మీద కూడా ఒకే గీత ఉండదు. భూమధ్యరేఖ దగ్గర వాలు 9.78, ధ్రువాల దగ్గర 9.83. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రీషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ దగ్గరున్న కయెన్ వెళ్లినప్పుడు ఆయన లోలకం గడియారం రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ వాలు తక్కువ, లోలకం నెమ్మదిగా ఊగుతుంది, అందుకే. తొమ్మిదో తరగతిలో ఈ సంగతి తప్పక చెప్పాలి.